మందుచీటీ వ్రాయు అధికారము

సంగారెడ్డి జిల్లాలోని పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం పారిశ్రామిక ప్రాంతములు ఔషధముల తయారీకి పేరుపొందినవి. ఇచటి కర్మాగారములలో తయారగు ముడి ఔషధములు దేశదేశములకు పోవుచున్నవి. 1961లో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ ఐ.డి.పి.ఎల్. తన కృత్రిమ ఔషధ కర్మాగారమును హైదరాబాదులో నెలకొల్పినది. అందు పని నేర్చినవారు అనేకులు తరువాత స్వంత పరిశ్రమలు స్థాపించిరి. 1970 నాటి పేటెంటు చట్టము మందునకు గాక, మందును చేయు పద్ధతికి మాత్రమే పేటెంటు నిచ్చుటచే ఈ పరిశ్రమ త్వరగా పెరిగినది.

అయితే కర్మాగారములో పీపాకెత్తిన పొడి రోగి నోటికి మాత్రగా చేరవలెనన్నచో నడుమ ఒక చిన్న కాగితము కావలెను. అదియే మందుచీటీ. దానిని వ్రాయు అధికారము ఎవరికి ఉండవలెను? వైద్య పట్టభద్రునికి మాత్రమేనా? తగిన శిక్షణ పొందిన నర్సునకు, ఫార్మసిస్టునకు, ఇతర ఆరోగ్య సహాయకునకు కూడ ఈయవచ్చునా? ఇది నేటి ప్రశ్నగా తోచును గాని, దీని వయస్సు నూటయెనుబది సంవత్సరములకు పైబడినది.

1835లో మద్రాసులో వైద్య పాఠశాల ప్రారంభమైనది. సైనిక వైద్యశాలలకు సహాయకులను తయారుచేయుట దాని తొలి ఉద్దేశము. 1846లో నిజాము నాసిరుద్దౌలా కాలమున హైదరాబాదులో మరొక వైద్య పాఠశాల వెలసినది. రెసిడెన్సీ వైద్యుడు మెక్లీన్ దానిని నడిపెను. పాశ్చాత్య వైద్యమును ఉర్దూ భాషలో బోధించి, ఉత్తీర్ణులైనవారికి ‘హకీము’ అను బిరుదము నిచ్చిరి. ఆనాటి పాలకులు గ్రహించిన సత్యమొకటి ఇందు కలదు. పెద్ద చదువు చదివిన వైద్యులు కొద్దిమంది; రోగులు కోట్లాదిమంది. కావున, కొంత తక్కువ కాలములో శిక్షణ పొంది, సామాన్య రోగములకు మందు ఈయగల మధ్యశ్రేణి వైద్యుడు అవసరము.

విశాఖపట్టణములో 1902లో స్థాపితమైన వైద్య పాఠశాల కూడ ఇట్టివారినే తయారుచేసినది. 1923లో అది కళాశాల అయినది. ఇట్టి పాఠశాలలలో చదివి లైసెన్సు పొందినవారే ఎల్.ఎం.పి. డాక్టర్లు. తాలూకా ఆసుపత్రులను ఏండ్ల తరబడి నిలబెట్టినది వీరే. వీరి ప్రక్కన సీసాలో అరకు కలిపి, సీసాకు మోతాదు గుర్తుల కాగితము అంటించి ఇచ్చు కాంపౌండరు ఉండెడివాడు. వ్రాయువాడొకడు, కలుపువాడొకడు, ఈ విభజన రోగికి ఒక రక్షణ. ఒకని పొరపాటును రెండవవాడు పట్టుకొనగలడు. 1948 నాటి ఫార్మసీ చట్టము ఈ రెండవ పనిని రిజిస్టరైన ఫార్మసిస్టుకు అప్పగించినది.

1943లో నియమితమైన భోర్ కమిటీ 1946లో తన నివేదికను సమర్పించెను. అప్పటికి దేశములోని రమారమి 47,500 మంది వైద్యులలో దాదాపు 30,000 మంది లైసెన్షియేట్లే. అయినను, ఇకమీదట పట్టభద్ర వైద్యుడు ఒక్కడే ఉండవలెనని, లైసెన్సు చదువులు నిలిపివేయవలెనని కమిటీలోని అధికసంఖ్యాకులు అభిప్రాయపడిరి. వైద్యుల కొరత తీరువరకైనను ఆ చదువులను కొనసాగింపవలెనని కొందరు సభ్యులు భిన్నాభిప్రాయము వ్రాసిరి. నెగ్గినది మొదటి అభిప్రాయము. ప్రమాణములు పెంచవలెనను ఆశయము ఉత్తమమైనదే. కాని పల్లెలో ఖాళీ అయిన కుర్చీ ఖాళీగా ఉండలేదు.

ఆ కుర్చీలో కూర్చున్నవాడే తెలుగు పల్లెలన్నింటికి పరిచితుడైన ‘ఆర్.ఎం.పి. డాక్టరు’. పేరు రిజిస్టరైన వైద్యుని పేరు. చదువు మాత్రము అది కాదు. ఏదో ఆసుపత్రిలో కొన్నాళ్లు సహాయకుడుగా ఉండి, చూచి నేర్చినవారు వీరిలో అనేకులు. అర్ధరాత్రి తలుపు తట్టినను పలుకుట వీరి గుణము. అవసరము లేనిచోట కూడ సూదిమందు, ప్రతిజీవకము వాడుట వీరి దోషము. 2009 ప్రాంతమున ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము వీరికి శిక్షణ నిచ్చి, ప్రథమ చికిత్సకు పరిమితమైన సామాజిక పారామెడిక్కులుగా మార్చు ప్రయత్నము చేసినది. ఆ ప్రయత్నమును స్వాగతించినవారు ఉన్నారు, వ్యతిరేకించిన వైద్యులును ఉన్నారు.

ఇదే సమస్యను బ్రిటను మరియొక మార్గమున ఎదుర్కొన్నది. ఇండ్లకు వెళ్లి పుండ్లకు కట్లు కట్టు నర్సు, ఆ కట్టుగుడ్డ కొరకైనను డాక్టరు సంతకమునకై వేచియుండుట వ్యర్థమని 1986లో కంబర్లెజ్ నివేదిక ఎత్తిచూపినది. 1992లో చట్టము వచ్చినది. 1994లో కొన్ని ఎంపికచేసిన కేంద్రములలో నర్సులు చిన్న పట్టికలోని మందులను మాత్రము వ్రాయసాగిరి. 2003లో డాక్టరుతో కలిసి వేసిన చికిత్సా ప్రణాళికననుసరించి వ్రాయు అధికారము నర్సులకును ఫార్మసిస్టులకును లభించినది. 2006లో వారి స్వతంత్రాధికారము మిక్కిలి విస్తరించినది. 2013లో ఫిజియోథెరపిస్టులకు, 2018లో పారామెడిక్కులకు అది సంక్రమించినది. పాఠకులు గమనింపవలసినది తేదీలను కాదు, క్రమమును. మొదట చిన్న పట్టిక, పిమ్మట పర్యవేక్షణ, చివరకు స్వాతంత్ర్యము. ప్రతి మెట్టునకును ప్రత్యేక శిక్షణ, పరీక్ష కలవు.

శిక్షణలో ఏమి నేర్వవలెను? ఒక్క ఉదాహరణము చాలును. సిప్రోఫ్లాక్ససిన్ అను ప్రతిజీవకము సూక్ష్మజీవులు తమ డి.ఎన్.ఏ.ను విప్పి, చుట్టుటకు వాడు ఎంజైమును అడ్డగించి వాటిని చంపును. కడుపుమంటకు వాడు యాంటాసిడ్ మాత్రనుగాని, ఇనుము మాత్రనుగాని దానితో కలిపి మింగినచో ఆ లోహములు మందును పట్టుకొని, రక్తములోనికి చేరనీయవు. మాత్ర మింగినను ఫలము దక్కదు. మందు పేరు తెలిసినంత మాత్రమున చాలదు; రోగి ఇంకేమి మింగుచున్నాడో అడుగుట తెలియవలెను. అసలీ జ్వరము సూక్ష్మజీవి వలన వచ్చినదా, వైరసు వలన వచ్చినదా అని విచారింపవలెను. వైరసుపై ఈ మందు పనిచేయదు. అనవసరముగా వాడినప్పుడు శరీరములోని బలహీన సూక్ష్మజీవులు చచ్చి, మందునకు లొంగనివి మిగిలి వృద్ధిపొందును. ఆ లొంగని గుణమును అవి ఇతర జాతులకు కూడ అందింపగలవు. కావున ఒకని తప్పు చీటీ ఊరందరికి నష్టము.

ఈ విషయమును పటాన్‌చెరు ప్రపంచమునకు మరొక రీతిగా తెలిపినది. దాదాపు 90 ఔషధ కర్మాగారముల మురుగును శుద్ధిచేయు కేంద్రము నుండి వెలువడిన నీటిని స్వీడను దేశపు శాస్త్రజ్ఞుడు లార్సన్, ఆయన సహచరులు పరీక్షించి 2007లో ఫలితములు ప్రకటించిరి. లీటరు నీటిలో 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్ససిన్ కనబడినది. ఆ మందు వాడు రోగి రక్తములో ఉండు గాఢత కంటె ఇది ఎన్నో రెట్లు ఎక్కువ. చీటీ లేకనే, మోతాదు లేకనే ఏటికి మందు ఎక్కినది. మందు మితిమీరినచోట, ఎచటనైనను సూక్ష్మజీవి పాఠము నేర్చుకొనును.

భారతదేశములో చట్టములు క్రమముగా బిగిసినవి. 2014 మార్చి నుండి అమలులోనికి వచ్చిన హెచ్-1 అనుబంధము ప్రకారము కొన్ని ముఖ్య ప్రతిజీవకములు అమ్మినప్పుడు చీటీ వ్రాసినవారి పేరు, రోగి పేరు ప్రత్యేక పుస్తకములో వ్రాసి, మూడేండ్లు భద్రపరుపవలెను. మరొక ప్రక్క 2019 నాటి జాతీయ వైద్య కమిషను చట్టము, ప్రాథమిక వైద్యములో నిర్ణీత మందులు మాత్రము వ్రాయు పరిమిత లైసెన్సునకు చోటు కల్పించినది. అట్టివారి సంఖ్య వైద్యుల సంఖ్యలో మూడవవంతు మించరాదు. 2021 నాటి మరొక చట్టము అనుబంధ ఆరోగ్య వృత్తులకు కనీసము 2,000 గంటల చదువును నిర్ణయించినది. అయితే గంటల లెక్కతోనే చీటీ వ్రాయు అర్హత దానంతట అది రాదు. 2018 తరువాత ఉపకేంద్రములలో నియమితులైన నర్సులు ఆరు నెలల అదనపు శిక్షణ పొంది, రక్తపోటు, మధుమేహ రోగులకు డాక్టరు నిర్ణయించిన మందులను అందించుచున్నారు. సందేహము కలిగినచో దూరవాణి ద్వారా డాక్టరును సంప్రదించుచున్నారు.

హైదరాబాదు హకీముల నుండి నేటి నర్సుల వరకు చరిత్ర చెప్పునది ఇది: శిక్షణ లేక అధికారమిచ్చుట ప్రమాదము, శిక్షణయు ఈయక, అధికారమును ఈయక పల్లెను విడిచిపెట్టుట కూడ ప్రమాదమే. రెండవ ప్రమాదము గణాంకములలో కానరాదు గనుక దానిని మరచుట సులభము. మందుచీటీ క్రింద సంతకము చేయు చేయి ఎవరిదైనను, దాని వెనుక మూడు ఉండవలెను: రోగమును గుర్తించు జ్ఞానము, మందు గుణదోషముల ఎరుక, తనకు తెలియనిచోట మరొకరిని అడుగు వినయము.