బళ్లారి నాటకరంగము – గ్రీకు విషాదము
(కోలాచలము శ్రీనివాసరావుగారి సాహిత్యకృషి)

క్రీస్తునకు పూర్వము ఐదవ శతాబ్దమున ఏథెన్సు నగరమున వర్ధిల్లిన విషాదనాటకమునకును, పందొమ్మిదవ శతాబ్దాంతమున బళ్లారిలో వెలసిన తెలుగు నాటకమునకును సంబంధమేమి యని కొందరు శంకింపవచ్చును. ఆ రెండింటిని మన యెదుట నిలిపినవారు విశ్వవిద్యాలయాచార్యులు కారు. పగలు న్యాయస్థానములలో వాదించి, తీరిక వేళల గ్రంథరచన సాగించిన ఇరువురు ప్లీడర్లు. ఒకరు ధర్మవరము రామకృష్ణమాచార్యులుగారు (1853–1912), రెండవవారు కోలాచలము శ్రీనివాసరావుగారు (1854–1919). ఆంధ్రులు మొదటివారిని ఆంధ్ర నాటక పితామహుడనియు, రెండవవారిని చారిత్రక నాటక పితామహుడనియు గౌరవించిరి.

శ్రీనివాసరావుగారు హంపీ శిథిలములకు చేరువనున్న కమలాపురమున జన్మించిరి. కూలిన కోటగోడల నడుమ కన్ను తెరచినవారికి చరిత్రమందు మక్కువ కలుగుట సహజమే. ఆయన నాటకములు వ్రాయుటతో తృప్తిపడలేదు. నాటకమనునది ఏ దేశమున ఎట్లు పుట్టినది, ఎట్లు పెరిగినది అని విచారించి, ‘ది డ్రమాటిక్ హిస్టరీ ఆఫ్ ది వరల్డ్’ అను గ్రంథమును ఆంగ్లమున రచించి 1908లో ప్రకటించిరి. రాజధానులకును, పెద్ద గ్రంథాలయములకును దూరముగా నున్న జిల్లా పట్టణమున కూర్చుండి, ప్రపంచ నాటక చరిత్రమును వ్రాయ పూనుట ఎంత సాహసమో ఊహించుకొనవచ్చును.

ఆ కాలమున పండితులను వేధించిన ప్రశ్న యొకటి కలదు. మన నాటకము శోకముతో ముగియవచ్చునా? మంగళాదీని మంగళాంతములుగా నాటకములను నడుపుట మన సంప్రదాయము. మరణమును రంగముపై చూపరాదని లాక్షణికులు శాసించిరి. గ్రీకుల మార్గము వేరు. ఉత్తముడు ఏదో యొక పొరపాటుచే పతనమగుట చూచి, ప్రేక్షకుడు జాలిని, భయమును పొంది, తన్మూలమున హృదయశుద్ధిని బడయునని అరిస్టాటిల్ చెప్పెను. భాసుని నాటకములు అప్పటికింకను వెలుగు చూడలేదు. గణపతిశాస్త్రిగారు తిరువాన్కూరులో వానిని 1912 మొదలు ప్రకటించిన పిదపనే, దుర్యోధనుడు రంగముపై ప్రాణములు విడుచు ‘ఊరుభంగము’ లోకమునకు తెలిసినది. కనుక బళ్లారివారు శోకాంతమును చేపట్టిన నాటికి వారికి స్వదేశీయమైన ఈ ప్రమాణము లేకుండెను.

1889 ప్రాంతమున రామకృష్ణమాచార్యులుగారు ‘విషాద సారంగధర’ను రచించి మొదటి అడుగు వేసిరి. రాజరాజ నరేంద్రుని చిన్న రాణి చిత్రాంగి సవతికొడుకైన సారంగధరుని మోహించుట, అతడు నిరాకరింపగా నిందమోపుట, రాజు తొందరపడి కొడుకు కాలుసేతులు నరికించుట తెలుగువారికి చిరపరిచితమైన కథయే. దీనికి చరిత్రలో ఆధారములు కానరావు. గౌరన ‘నవనాథ చరిత్ర’మునందును, చేమకూర వేంకటకవి కావ్యమునందును ఇది కలదు. పూర్వకథలో సిద్ధుని మహిమచే సారంగధరునకు అవయవములు మరల వచ్చును. ఆచార్యులుగారు ఆ ఊరటను తొలగించి కథను విషాదాంతము గావించిరి.

ఇచ్చట గ్రీకు సాహిత్యమెరిగిన పాఠకునకు యూరిపిడీసు రచించిన ‘హిప్పొలిటస్’ స్ఫురింపక మానదు. క్రీ.పూ. 428లో ప్రదర్శింపబడి ప్రథమ బహుమానమందిన ఆ నాటకమున, థీసియస్ రాజు భార్య ఫీడ్రా సవతికొడుకును మోహించి, అవమానభారముచే ఉరివేసికొని, అతనిపై నింద వ్రాసిన జాబు విడిచిపోవును. విచారణ లేక తండ్రి శపించును. సముద్రమునుండి వెడలిన వృషభమును చూచి గుఱ్ఱములు బెదరి యువకుని ఈడ్చివేయును. సత్యము తెలిసిన తండ్రి యెదుట, అతనిని క్షమించి, కుమారుడు కన్నుమూయును. రెండు కథలకును భేదము లేకపోలేదు. ఫీడ్రా తన మోహమును దాచ యత్నించును, దాది దానిని బయటపెట్టును. చిత్రాంగి తానే నోరు తెరచి అడుగును. కాని రెండింటను అసలు దోషము ఒక్కటే: దండనాధికారము గలవాడు విచారింపక తీర్పు చెప్పుట. కాగితములపై ఇతరుల భాగ్యములను నిర్ణయించు ఉద్యోగమున నున్న మనబోంట్లకు ఈ కథ కేవలము ప్రాచీనమని తోపదు.

శ్రీనివాసరావుగారు మరియొక త్రోవను ఎంచుకొనిరి. ఆయన ‘రామరాజు’ నాటకమునకు 1565 నాటి తళ్లికోట యుద్ధము, విజయనగర పతనము వస్తువులు. మనకు మిగిలిన గ్రీకు విషాదములలో చారిత్రకమైనది ఒక్కటే. అది ఈస్కిలస్ రచించిన ‘పర్షియనులు’. సలామిసు నౌకాయుద్ధము జరిగిన ఎనిమిదేండ్లకు, క్రీ.పూ. 472లో, అది ప్రదర్శింపబడెను. మారథాను రణరంగమున స్వయముగా పోరాడిన ఆ కవి, ఓడిన శత్రువు ఇంట చెలరేగిన ఏడుపును తనవారికి వినిపించెను. శ్రీనివాసరావుగారు ఓడిన తనవారి దుఃఖమునే తనవారికి వినిపించిరి. సుల్తానుల నొకరిపై నొకరిని పురికొల్పి, తుదకు వారందరిని ఏకము చేసికొన్న రామరాజునందు అరిస్టాటిల్ చెప్పిన నాయకదోషము స్పష్టముగా కన్పట్టుచున్నది. ఓటమిని దైవమునకో, శత్రువునకో ఆరోపించుట సులభము. మనవాని తప్పిదమును మనమే రంగమెక్కించుట కష్టము.

వీరి కృషి గ్రంథములతో ఆగలేదు. ఆచార్యులుగారి సరస వినోదినీ సభయు, శ్రీనివాసరావుగారి సుమనోరమ సభయు పోటీపడి నాటకములాడినవి. 1891లో చెన్నపురిలో సరసవినోదినివారి ప్రదర్శనములను చూచి ఉత్తేజితులై, పమ్మల్ సంబంధ మొదలియారుగారు సుగుణ విలాస సభను స్థాపించి తమిళ నాటకమునకు కొత్త ఊపిరి పోసిరి. ఆచార్యులుగారి మేనల్లుడైన బళ్లారి రాఘవ (1880–1946) రామరాజు నాటకమున పఠాను రుస్తుము పాత్రను ధరించి ప్రఖ్యాతి గాంచెను.

గుజరాతీలును ఇదే కాలమున ఇదే ప్రశ్నను ఎదుర్కొనిరి. రణఛోడ్‌భాయి ఉదయరాముగారి ‘లలితాదుఃఖదర్శక్’ 1866లో వెలువడి, గుజరాతీ భాషలో మొదటి విషాదనాటకమని పేరొందినది. సూరతున నివసించు తెలుగు కుటుంబములవారు ఇరుగుపొరుగువారితో నాటకములను గూర్చి ముచ్చటించునపుడు, ఈ పోలికను చెప్పి స్నేహమును పెంచుకొనవచ్చును.

బళ్లారి 1953 అక్టోబరు 1న మైసూరు రాష్ట్రమున చేరినది. పాలనాపరమైన హద్దులు మారినను సాహిత్య ఋణము మారదు. శ్రీనివాసరావుగారిని నాటకకర్తగా స్మరించు మనము, ప్రపంచ నాటకమును పరిశీలించిన పండితునిగా కూడ స్మరింపవలసియున్నది. పరాయి విద్యను గ్రహించి స్వంత కథను మరింత సత్యముగా చెప్పుట ఎట్లో ఆయన చూపిరి. ఉద్యోగము చేసికొనుచునే అట్టి పని చేయవచ్చునని కూడ చూపిరి. మన సంఘము ఏటేట ఆడు నాటకములలో ఒక్కసారియైన ‘రామరాజు’నకు చోటు దొరకినచో, ఆ మహనీయునకు అదియే సముచితమైన నివాళి కాగలదు.