గొంతు మారిన పాట

అలవాటుపడిన గొంతు ఆగిపోయి, అదే పాటను వేరొక గొంతు ఎత్తుకొన్ననాడు విన్నవాని మనస్సున మొదట పుట్టునది ఆనందము కాదు. తనకేదో అన్యాయము జరిగినదను నొప్పి. వచ్చినవాడు ఎంతటి నేర్పరియైనను సరే, "వాని లెక్క లేదు" అను మాట సభలో ఏదో యొక మూలనుండి వినబడక మానదు. మోత్కూరు పరిసర గ్రామములకు ఈ మాట క్రొత్తది కాదు. చిరకాలము నల్లగొండ జిల్లాలో భాగమై, 2016లో యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరిన ఈ మెట్టసీమ ఒగ్గుకథకును, గొల్లసుద్దులకును, బుర్రకథకును నెలవై, ఒక తరము పాటను మరియొక తరము అందుకొనుటను కన్నులార చూచినది. కావున గొంతు మారినపుడు శ్రోతకు కలుగు కలతకు కారణమేమి, అది తీరు మార్గమేమి అను ప్రశ్నలకు సమాధానమును ఇచ్చటనే వెదకుట ఉచితమని నా నమ్మకము.

ఒగ్గు అనగా శివుని డమరుకమును పోలిన వాద్యము. దానిని మ్రోగించుచు మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మల కథలను గానము చేయు కళకు ఆ వాద్యమే పేరైనది. జనగామ సమీపమున మాణిక్యాపురమున పుట్టిన చుక్క సత్తయ్య ఈ కళను రంగుల ముగ్గుతో పట్నము వేసిన దేవుని ముంగిటనుండి దూరదేశపు వేదికలవరకు నడిపించి, 2017లో కన్నుమూసెను. ఒగ్గుకథకుడు ఎంతటి ప్రసిద్ధుడైనను ఒంటరిగా పాడడు. డోలు, తాళము అతని వెంట నుండును. అతడు విడిచిన మాటను అందుకొని సాగదీయు వంతవాడు అతని ప్రక్కన నుండును. బుర్రకథయందును అంతే: నడుమ తంబురా ధరించిన కథకుడు, ఇరువైపుల డక్కీలు వాయించు వంతలు, వారిలో నొకడు హాస్యమునకు, రెండవవాడు రాజకీయమునకు.

ఈ వంతను కేవలము సహాయకుడని తలచుట పొరపాటు. కథకుడు ఎచ్చట ఊపిరి తీయునో, ఏ ఘట్టమున గొంతు దించి జనమును ఏడిపించునో, ఏ మాటను కావలెనని ఆలస్యము చేయునో వాని ప్రక్కన రాత్రులు గడపిన వంతకు తెలిసినట్లు మరియెవ్వరికిని తెలియదు. అంతకంటెను ముఖ్యమైనది మరియొకటి కలదు. కథకుని గొంతుతోపాటు వంత గొంతును కూడ ఊరివారు ఏండ్ల తరబడి వినియుందురు. ఒకనాడు ఆ వంతయే నడుమకు వచ్చి నిలిచినను వారికి అది పరాయి గొంతు కాదు. నిన్నటివరకు ప్రక్కనుండి వినబడినది నేడు ఎదుటనుండి వినబడుచున్నది, అంతియే. గొంతు మారుటవలన కలుగు గాయమునకు మన పెద్దలు ముందుగనే సిద్ధము చేసి యుంచిన మందు ఈ వంతయే యని నాకు తోచును.

ఈ మాటకు మోత్కూరు చెంతనే గొప్ప నిదర్శనము కలదు. మోత్కూరు మండలములోని పాలడుగున జన్మించి, తరువాత సుద్దాల గ్రామమున స్థిరపడి, ఆ యూరి పేరుతోనే లోకమునకు పరిచితుడైన సుద్దాల హనుమంతు, వెట్టిచాకిరి క్రింద నలిగిన జనుల బాధను వారికి తెలిసిన బాణీలలోనే వారికి వినిపించెను. 1944లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన భువనగిరిలో జరిగిన ఆంధ్రమహాసభ ఈ ప్రాంతపు రైతుకూలీలకు నోరు తెరచుటకు ధైర్య మొసగగా, ఆ తెరచిన నోటికి పాట నందించినవారిలో హనుమంతు అగ్రగణ్యుడు. గొల్లసుద్దులు, బుర్రకథ, యక్షగానము మున్నగు రూపములను ఆయన క్రొత్తగా సృష్టింపలేదు, అవి ఊరివారివే. ఆయన చేసినది ఆ పాత పాత్రలలో క్రొత్త ధాన్యము నింపుట. చదువుకొనవలసిన ఈడున దొరవారి పసులను కాయు జీతపు పిల్లవానిని పలకరించుచు ఆయన కట్టిన పాట, 1946 నుండి 1951 వరకు సాగిన తెలంగాణ సాయుధపోరాట కాలమున ఊరినుండి ఊరికి, కాగితము అక్కరలేకయే, నోటినుండి నోటికి ప్రాకిపోయెను. ఆ పాటకు వంత ఎవరు? ఊరంతయు వంతయే. పల్లవిని అందుకొనని వాడు లేడు. అందుకొన్న ప్రతివాడును కొంతసేపు దానికి గాయకుడే.

దాదాపు మూడు దశాబ్దములు గడచిన పిదప, 1979లో, గౌతమ్ ఘోష్ దర్శకత్వమున, బి. నర్సింగరావు నిర్మాణమున, కిషన్ చందర్ ఉర్దూ నవల ఆధారముగా 'మా భూమి' చిత్రము వెలువడెను. హనుమంతు జీవించియుండగనే ఆయన కట్టిన ఆ పాట తెరమీద గాయని సంధ్య గొంతున వినబడెను. నైజాము ప్రభువును ఎదిరించుచు బండి యాదగిరి కట్టిన పాటను గద్దరు తెరపై కనబడి పాడెను. పోరాటకాలపు గొంతులకును ఈ గొంతులకును పోలిక యేమి? బహిరంగస్థలమున వందలమంది నడుమ ఎలుగెత్తి పాడిన పాట ఒక స్త్రీ కంఠమున, చెంత కూర్చున్న పిల్లవానితో మాటాడినట్లు, మెల్లగా జాలువారెను. ఐనను ఈ మార్పును తెలంగాణము తప్పుపట్టక, కన్నీటితో స్వీకరించినది. అప్పటికే వేయి గొంతులలో నలిగిన పాటకు వేయిన్నొకటవ గొంతు శత్రువు కాజాలదు. 1982లో హనుమంతు గతించెను. ఆయన కుమారుడు అశోక్‌తేజ 'ఠాగూర్' చిత్రమున వ్రాసిన పాటకు 2003 సంవత్సరపు జాతీయ పురస్కారమును పొందెను. తండ్రి ప్రక్కన పెరిగిన కొడుకు కూడ ఒక విధముగా వంతయే కదా!

ఐతే వంతకు చోటులేని కళలును కలవు. గ్రామఫోను రికార్డు, రేడియో, సినిమా ఒక్క గొంతునే ఇంటింటికి మోసికొనిపోయి, అది తప్ప మరియొకటి లేదను భ్రమను కలిగించినవి. 1974 ఫిబ్రవరి 11న గాయకుడు ఘంటసాల వేంకటేశ్వరరావు ఏబదియొక్క యేండ్ల ప్రాయమున మరణించినపుడు తెలుగునాట కలిగిన శూన్యము అట్టిది. తెర నాయకులైన రామారావునకును నాగేశ్వరరావునకును ఇరువదియేండ్లకు పైగా ఆయన గొంతే గొంతు. పెండ్లిపందిట మైకుసెట్టు కట్టినను, సిలోను రేడియోలో తెలుగు కార్యక్రమము పెట్టినను పలికినది ఆ గొంతే. ఆయన పోయినపుడు శ్రోతలు గాయకుని మాత్రమే గాక, తమ కథానాయకుల నోటిని కూడ పోగొట్టుకొన్నట్లయినది.

అటుపిమ్మట శ్రోతలు రెండు తెరగులుగా ఆలోచించిరి. పోయిన గొంతునకు సమీపమైన గొంతు కావలెనని కోరినవారు వి. రామకృష్ణను ఆదరించిరి, 'భక్త తుకారామ్', 'అల్లూరి సీతారామరాజు' చిత్రములలో ఘంటసాల గొంతు వినబడిన చోటనే ఆయన గొంతును వినియుండుటచే వారికి అది సహజముగా తోచెను. 1966లో సంగీతదర్శకుడు కోదండపాణి ప్రోత్సాహమున తొలిపాట పాడిన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యము గొంతు నవయువకులకు తగినదే గాని, నడివయస్సు నాయకుల గంభీరమూర్తులకు అతుకదని పెదవి విరిచినవారును కలరు. వారిని నేను నిందింపను. ఆ పెదవివిరుపులో ఒక ఋణము తీర్చుకొను తపన యున్నది. కాని బాలు ఘంటసాలను అనుకరింపలేదు. తెరమీది నటుని ఉచ్చారణను, ఊపిరిని, విరుపును పట్టుకొని, ఎవరికి పాడిన వారి గొంతుగా పాడుటను సాధన చేసెను. 1977లో 'అడవిరాముడు', 1980లో 'శంకరాభరణము', 1981లో 'ప్రేమాభిషేకము' వచ్చునప్పటికి వెనుకటి ఫిర్యాదు మెల్లగా సద్దుమణిగినది. 1969లో 'ఏకవీర' చిత్రమున ఘంటసాలయును బాలును కలసి ఒక పాట పాడియుండిరి. నాడది సామాన్యవిషయము, నేడు ఆలోచించిన, ఒక్క పాట పర్యంతము ఆ యువకుడు ఆ మహాగాయకుని ప్రక్కన వంతగా నిలిచెననిపించును. మరియు ఘంటసాల సైతము ఒకప్పుడు క్రొత్త గొంతే. పై స్థాయిలో సాగు రంగస్థల పద్యమునకు చెవులొగ్గిన తరమునకు ఆయన మృదువైన పద్యపఠనము అపరిచితముగనే యుండెను.

ఈ వేదన తెలుగువారి సొత్తు మాత్రమే కాదు. ఇంగ్లండు దేశమున ఇనుపపనికి ప్రసిద్ధమైన బర్మింగ్‌హామ్ నగరమునుండి 1968లో 'బ్లాక్ సబ్బాత్' అను బృందము పుట్టినది. హెవీ మెటల్ అను సంగీతమునకు ఆద్యులుగా గణింపబడు ఆ బృందమున గిటారు వాయించు టోనీ అయోమి, లోహపు రేకుల కర్మాగారమున పనిచేయుచు రెండు వ్రేళ్ల కొనలను పోగొట్టుకొన్న కార్మికుడు. 1979లో గాయకుడు ఓజీ ఆస్‌బర్న్‌ను తొలగించి, అంతకుముందు వేరొక బృందమున పాడిన అమెరికా గాయకుడు రానీ జేమ్స్ డియోను తెచ్చుకొని, 1980లో 'హెవెన్ అండ్ హెల్' అను ఆల్బమును వారు వెలువరించిరి. గొప్ప గాయకుడని కొందరు, ఇది మా బృందమే కాదని కొందరు అభిమానులు చీలిపోయిరి. ఆ చీలిక నేటికిని మానలేదు. 2006లో డియోతో మరియొకమారు కూడినపుడు వారు పాత పేరును వాడక, ఆ ఆల్బము పేరునే బృందమునకు పెట్టుకొనిరి. 2025 జూలై 5న తొలి నలుగురును స్వనగరమున చివరిసారి వేదిక నెక్కగా జనసాగరము తరలివచ్చెను. ఆ నెలలోనే ఓజీ మరణించెను. డియో నేర్పు తక్కువది కాదు. ఐనను ఆయన పాత గొంతు ప్రక్కన ఒక్కనాడును నిలిచినవాడు కాడు. వంత కాకయే కథకుడైనవాడు. ఆ చీలిక అంతకాలము మానకుండుటకు ఇదియొక కారణమని నేననుకొందును.

మోత్కూరు వంటి ఊళ్లలో నేటికిని ఒక యింట మరణము సంభవించినదని తెలుపునది మైకునుండి వినవచ్చు ఘంటసాల భగవద్గీత. ఆయన మరణానంతరము వెలువడిన ఆ రికార్డునకు వేరొక గొంతు వచ్చి చేరలేదు. చేరవలెనని ఎవ్వరును కోరలేదు. దుఃఖమున మనిషి పాత గొంతునే వెదకును. కాని ఆ యూళ్లలోనే మల్లన్న కొలువున పట్నము వేసిన రాత్రి, పాత కథకుడు నేడు లేకున్నను, కథ ఆగదు. తెల్లవారువరకు సాగు ఆ కథను వినకయే, తొలి దరువునకే లేచిపోయి తీర్పు చెప్పిన శ్రోతను ఊరు మెచ్చదు. క్రొత్త గొంతునకు మనము చెల్లింపవలసినది ఆ ఒక్క రాత్రి ఓపిక. పాత గొంతు చేయవలసినది, తాను పాడుచుండగనే ప్రక్కన మరియొకనికి చోటిచ్చుట. కథకుడు ఊపిరి తీసికొను ఆ లిప్తపాటున, చరణపు చివరిమాట నేల రాలకమునుపే వంతవాడు దానిని అందుకొనును. కథ అచ్చటనే రేపటిలోనికి అడుగిడును.