ముప్పై ఏడు రోజుల వలస

మా అనంతపురం వైపు వలస అంటే అందరికీ తెలిసిన అర్థం ఒకటే. వానలు మొహం చాటేస్తే ఇంటికి తాళం వేసి బెంగళూరు బస్సెక్కడం. ఆ లెక్కన నేనూ వలస వచ్చినవాణ్ణే. కాకపోతే ఏసీలో కూర్చుని కోడు రాస్తాను కాబట్టి దాన్ని వలస అనరు, ఉద్యోగం అంటారు :)

2019 జూన్‌లో మా పెద్దనాయన కూడా బెంగళూరు వచ్చాడు. పనికి కాదు. ప్రోస్టేట్ క్యాన్సర్‌కి రేడియేషన్ కోసం. మా ఊళ్ళో దాన్ని "కరెంటు పెట్టడం" అంటారు. వారానికి ఐదు రోజులు, మొత్తం ముప్పై ఏడు సిట్టింగులు అని డాక్టరు గారు చెప్పారు. అంతా విని పెద్దనాయన అడిగింది ఒకే ఒక్క ప్రశ్న.

"అన్నీ ఒగే దినం పెట్టేకి కాదా సార్?"

డాక్టరు గారు నవ్వారు. నేనూ నవ్వాను. పల్లెటూరి అమాయకత్వం అనుకున్నాను. తర్వాత చాలా రోజులకి ఈ వైద్యం చరిత్ర చదవడం మొదలుపెట్టాక తెలిసింది, అమాయకుణ్ణి నేనే అని. వందేళ్ళుగా రేడియేషన్ వైద్యులు తలలు బాదుకుంటున్నది సరిగ్గా ఆ ప్రశ్న మీదే. ఈ చరిత్రను మామూలుగా యంత్రాల చరిత్రగా రాస్తారు. నాకు మాత్రం అది రోజుల లెక్కగా కనిపిస్తుంది. ఎందుకో చెప్తాను.

మొదట కొంచెం భూగోళం. ప్రోస్టేట్ అంటే మగవాళ్ళలో మూత్రాశయం కింద, పురీషనాళానికి ముందు ఉండే చిన్న గ్రంథి. ఒంట్లో ఇంతకంటే ఇరుకైన సందు ఇంకోటి ఉండదేమో! బయట నుంచి వచ్చే కిరణం చర్మం దాటి, కండ దాటి, పక్కనున్న మూత్రాశయాన్నీ పేగునీ కాల్చకుండా దాన్నే కొట్టాలి.

రాంట్‌గెన్ ఎక్స్-కిరణాలు కనుక్కున్నది 1895 నవంబరులో. క్యూరీ దంపతులు రేడియం సంగతి చెప్పింది 1898లో. ఆ కాలపు ఎక్స్-రే యంత్రాలకు లోతుకు పోయే బలం లేదు, శక్తిలో ఎక్కువ భాగం చర్మం దగ్గరే ఖర్చయిపోయేది. అందుకని కిరణాన్ని లోపలికి పంపేబదులు రేడియాన్నే లోపల పెడితే సరి కదా అనే ఆలోచన వచ్చింది. 1903లో ఆ మాట ఉత్తరం రాసి చెప్పినవాళ్ళలో ఒకరెవరో తెలుసా? టెలిఫోన్ గ్రాహంబెల్! చిన్న గాజు గొట్టంలో రేడియం పెట్టి గడ్డలోకి దింపమన్నాడు. 1915 ప్రాంతంలో న్యూయార్క్ మెమోరియల్ ఆసుపత్రిలో బెంజమిన్ బారింజర్ అనే డాక్టరు రేడియం సూదులతో ప్రోస్టేట్ క్యాన్సర్‌కి వైద్యం మొదలుపెట్టాడు.

ఇక పెద్దనాయన ప్రశ్నకి మొదటి జవాబు దగ్గరికి వద్దాం. ఆ జవాబు ఇచ్చింది ఒక పొట్టేలు.

1920లలో ప్యారిస్ రేడియం సంస్థలో క్లాడియస్ రెగో అనే శాస్త్రవేత్త పొట్టేళ్ళ వృషణాల మీద ప్రయోగాలు చేశాడు. ఒకే మోతాదులో రేడియేషన్ ఇచ్చి పొట్టేలుకు సంతానశక్తి పోగొట్టాలంటే పైచర్మం ఘోరంగా కాలిపోయేది. అదే మోతాదుని ముక్కలు చేసి రోజుల మీద ఇస్తే పని జరిగింది, చర్మమూ మిగిలింది. వృషణంలో కణాలు క్యాన్సర్‌లాగే చకచకా పెరుగుతాయి కాబట్టి దాన్ని గడ్డకు నమూనాగా తీసుకున్నారు. చర్మం మామూలు కండకు నమూనా. అదే సంస్థలో ఆంరీ కూటార్ ఈ పద్ధతిని గొంతు క్యాన్సర్ రోగులకు వాడి ఫలితాలు చూపించాడు. అప్పటి నుంచి "కొంచెం కొంచెంగా, చాలా రోజులు" అనేది రేడియేషన్ వైద్యంలో వేదవాక్కు అయింది. గొర్రెల మందల మధ్య పెరిగిన పెద్దనాయనకి ఈ కథ చెప్తే, "అయితే నా ముప్పై ఏడు దినాలకి కారణం పొట్టేలా!" అన్నాడు.

తర్వాత కథ వేగంగా నడిచింది. 1941లో చికాగోలో చార్లెస్ హగిన్స్ మగ హార్మోన్లను అణిస్తే ప్రోస్టేట్ క్యాన్సర్ తగ్గుముఖం పడుతుందని చూపించాడు (1966లో నోబెల్ వచ్చింది). దాంతో కొన్నాళ్ళు రేడియేషన్ వెనకపడింది. 1951లో కెనడాలో కోబాల్ట్-60 యంత్రాలు వచ్చాయి. ఆ కిరణాలు చర్మాన్ని వదిలి లోతుకు పోతాయి. 1956లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో మాల్కమ్ బాగ్‌షా లినాక్ యంత్రంతో ప్రోస్టేట్‌కి బయటి నుంచి వైద్యం మొదలుపెట్టాడు. ఏడెనిమిది వారాల పద్ధతి అలా స్థిరపడింది.

మరి మన దగ్గర? మద్రాసు అడయారులో ముత్తులక్ష్మి రెడ్డి గారి పట్టుదలతో క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ 1954లో మొదలైంది. హైదరాబాదులో మెహదీ నవాజ్ జంగ్ పేరు మీదున్న ఎమ్మెన్జే ఆసుపత్రి 1955లో. బెంగళూరు కిద్వాయి 1973లో. ఎన్టీఆర్ గారి భార్య పేరిట బసవతారకం ఆసుపత్రి 2000లో. ఇవన్నీ గొప్ప సంస్థలే, సందేహం లేదు. కానీ ఒక మ్యాప్ ముందేసుకుని అనంతపురం మీద వేలు పెట్టి చూడండి. బెంగళూరు రెండొందల కిలోమీటర్ల పైమాట. హైదరాబాదు మూడొందల యాభై పైమాట. ఒక ఆపరేషన్‌కి ఈ దూరం పెద్ద లెక్క కాదు, ఒకసారి పోయి వస్తాం. రోజూ పది నిమిషాల పని, అదీ ముప్పై ఏడు సార్లు అంటే అది ప్రయాణం కాదు, కాపురం మార్చడం.

మన సీమకీ ఈ చరిత్రకీ ఒక తమాషా బంధం ఉంది. బారింజర్ రేడియం సూదులు వాడిన న్యూయార్క్ మెమోరియల్‌లోనే, కొన్ని దశాబ్దాల తర్వాత, లోపలే రేడియేషన్ పెట్టే ఆ బ్రాకీథెరపీలో పేరు తెచ్చుకున్న డాక్టర్లలో నోరి దత్తాత్రేయుడు గారు ఒకరు. ఆయన ఎంబీబీఎస్ చదివింది మా పక్కనున్న కర్నూలు మెడికల్ కాలేజీలో! 2015లో పద్మశ్రీ వచ్చింది. కర్నూల్లో చదివిన డాక్టరు న్యూయార్క్ చేరాడు. ఆ వైద్యం తిరిగి కర్నూలు చేరడానికి మాత్రం చాలా ఏళ్ళు పట్టింది. మనుషులు వలస పోయినంత సులువుగా యంత్రాలు రావు కదా.

డబ్బు సంగతి కూడా చెప్పుకోవాలి. ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్ 1న మొదట మొదలుపెట్టిన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి (మిగతావి మహబూబ్‌నగర్, శ్రీకాకుళం). క్యాన్సర్ వైద్యం అందులో ఉంది. బీద రైతుకి అది ఎంత పెద్ద విషయమో సీమలో పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు. కానీ 2019లో మేం ఎక్కడికి పోవాలా అని కూర్చున్నప్పుడు తేలింది ఇది: కార్డు చెల్లే ఊళ్ళో మాకెవరూ లేరు. బెంగళూరులో నా రూముంది. ఉద్యోగంలో చేరి యేడాది కూడా కాని నా జీతం, పెద్దనాయన అమ్మిన రెండు ఎద్దులు, ఇంకొంత అప్పు. బెంగళూరు, చెన్నై, హైదరాబాదుల్లోని కొన్ని ఆసుపత్రులకు పథకాన్ని విస్తరించింది అదే సంవత్సరం నవంబరు 1న. అప్పటికే మా కరెంటు అయిపోయింది :(

ఇక ఆ ముప్పై ఏడు రోజులు. ప్రోస్టేట్‌కి కరెంటు పెట్టేముందు మూత్రాశయం నిండుగా ఉండాలి. నిండితే పైన పేగులు పక్కకి జరుగుతాయి, కిరణం తగలదు. కాబట్టి రోజూ నీళ్ళు తాగి, బిగబట్టుకుని లైన్లో కూర్చోవాలి. ప్రోస్టేట్ జబ్బున్న మనిషిని బిగబట్టుకోమనడం ఎట్లాంటి పరీక్షో ఆలోచించండి. ఒకరోజు యంత్రం ఆగిపోయింది. పెద్దనాయన ముప్పావుగంట ఓర్చుకుని, ఇంక చేతకాక లేచిపోయాడు. మళ్ళీ మొదటి నుంచీ నీళ్ళు తాగాల్సి వచ్చింది. "ఊర్లో తాగేకి నీళ్ళు లేవు, ఈడ తాగినేవి పోసేకి లేదు" అన్నాడు. లైన్లో ఉన్న ముసలోళ్ళంతా పగలబడి నవ్వారు, పాపం నవ్వితే ఇంకా కష్టమని తెలిసి కూడా.

ఇరవై మూడో సిట్టింగు శుక్రవారం. ఆ రాత్రి ఊరి నుంచి ఫోను. వాన పడింది. మా జిల్లా సగటు వర్షపాతం యేడాదికి దాదాపు 550 మిల్లీమీటర్లు, అది కూడా ఎప్పుడు పడుతుందో దానికే తెలీదు. పడినప్పుడు నేలలో పదును నాలుగైదు రోజులుంటుంది. ఆలోపు శెనక్కాయ విత్తనం పడాలి. నేను పోవద్దన్నాను, మధ్యలో ఆపకూడదని డాక్టర్లు చెప్పారు కదా అన్నాను. పెద్దనాయన సంచి సర్దుకుంటూ అన్న మాట నాకింకా చెవుల్లో ఉంది.

"క్యాన్సర్ నిలబడతాది గానీ పదును నిలబడదు కదప్పా."

శనివారం, ఆదివారం ఎలాగూ సెలవు. సోమ, మంగళ ఎగ్గొట్టి బుధవారం వచ్చాడు. ఆసుపత్రిలో బాగా తిట్లు పడ్డాయి. తిట్టినవాళ్ళది తప్పని అనను, నాగా పెట్టడం మంచిది కాదు, నేనెవరికీ సలహా ఇవ్వను. కానీ ముప్పై ఏడు పని దినాలంటే జూన్ మొదటి నుంచి జులై చివరిదాకా. అంటే సరిగ్గా ఒక ఖరీఫ్ విత్తే కాలం. ఆ వైద్యం షెడ్యూలు వేసినవాళ్ళెవరి క్యాలెండర్లోనూ అది లేదు.

విచిత్రం ఏమిటంటే, ప్రోస్టేట్ క్యాన్సర్ నిదానం గురించి పెద్దనాయన అన్న మాటలో కొంత సైన్స్ ఉంది. 1999లో డేవిడ్ బ్రెన్నర్, ఎరిక్ హాల్ అనే ఇద్దరు ఒక లెక్క ప్రచురించారు. చాలా క్యాన్సర్లు చకచకా పెరుగుతాయి, వాటికి చిన్న మోతాదులు చాలు. ప్రోస్టేట్ క్యాన్సర్ అలా కాదు, నిదానంగా పెరుగుతుంది, పెద్ద మోతాదుకే బాగా లొంగే రకం. అంటే పొట్టేలు చెప్పిన పాఠం అన్ని క్యాన్సర్లకూ ఒకేలా వర్తించదన్నమాట! ఈలోపు సీటీ ప్లానింగ్, రోజూ బొమ్మ తీసి గురి సరిచూసుకునే పద్ధతులు వచ్చి పెద్ద మోతాదుని భయం లేకుండా ఇచ్చే వీలు కూడా కలిగింది.

బ్రిటన్‌లో 3,216 మంది మీద చేసిన చిప్ అనే పరీక్ష ఫలితాలు 2016లో వచ్చాయి. 37 సిట్టింగుల్లో 74 గ్రే ఇచ్చినా, 20 సిట్టింగుల్లో 60 గ్రే ఇచ్చినా ఫలితంలో ఇరవై ఏమీ తీసిపోలేదు. ఐదేళ్ళకి జబ్బు తిరగబెట్టనివాళ్ళు మొదటి గుంపులో 88.3 శాతం, రెండో గుంపులో 90.6 శాతం. 2019లో స్వీడన్, డెన్మార్క్ వాళ్ళ పరీక్షలో 39కి బదులు 7 సరిపోయాయి. 2024లో పేస్-బి పరీక్షలో 5 సిట్టింగులు! ఐదేళ్ళకి 95.8 శాతం, మామూలు పద్ధతిలో 94.6 శాతం. ఇది ముదరని, ప్రమాదం తక్కువ నుంచి మధ్యస్థంగా ఉన్న జబ్బుకి మాత్రమే. పైగా ఐదు సిట్టింగుల వాళ్ళకి మూత్రం ఇబ్బందులు కొంచెం ఎక్కువగానే వచ్చాయి. అయినా ఐదంటే ఏమిటో మా ఊరివాడికి చెప్పి చూడండి. రెండు ఎద్దులు మిగిలినట్టు.

తిరుపతిలో, కర్నూల్లో ఈ మధ్య పెద్ద క్యాన్సర్ ఆసుపత్రులు వచ్చాయి. దూరం తగ్గుతోంది, సంతోషం. దూరంతో పాటు రోజులు కూడా తగ్గితే తప్ప మెట్ట రైతుకి అది పూర్తి వైద్యం కాదని నా అభిప్రాయం. కార్డు ఆసుపత్రి బిల్లు కడుతుంది, పదును ఆరిపోకుండా ఆపలేదు.

పెద్దనాయనకి ముప్పై ఏడే సరైనవేమో. ఆయన జబ్బు ఏ దశలో ఉందో, ఆ యంత్రానికి ఎంత గురి ఉందో, అవన్నీ లెక్కేసే చెప్పి ఉంటారు. నేను డాక్టర్ని కాదు. నా బాధల్లా ఒకటే. ఇరవైతో సరిపోతుందన్న ఫలితం వచ్చి అప్పటికి మూడేళ్ళు. ఆయన అడగాల్సిన ప్రశ్న అడిగాడు. పక్కనే కూర్చున్న ఇంజనీరు, రోజంతా గూగుల్‌లో బతికేవాడు, నవ్వి ఊరుకున్నాడు. మీ ఇంట్లో ఎవరికైనా ఈ అవసరం వస్తే (రాకూడదనే కోరుకుంటాను), మొహమాటపడకుండా అడగండి: "సార్, ఇంతకంటే తక్కువ రోజుల్లో కుదురుతుందా?" కుదరదంటే ఎందుకో చెప్పమనండి.

పెద్దనాయన బాగానే ఉన్నాడు. ఆర్నెల్లకోసారి పీఎస్ఏ పరీక్షకి వస్తాడు, పొద్దున బస్సుకొచ్చి సాయంత్రం బస్సుకి పోతాడు. మొన్న ఈ ఐదు సిట్టింగుల సంగతి చెప్పాను. కాసేపు ఆలోచించి, "చూడు, ఇంగ నాలుగు తగ్గిస్తే నేను చెప్పిన కాడికి వస్తారు" అన్నాడు.

ఈసారి నేను నవ్వలేదు.