ఎముక ఆనుపానులు.. కళ్లద్దాల్లోనే!

మల్కాపురం: నౌకా నిర్మాణం, చమురు శుద్ధి, ఎరువుల పరిశ్రమల చెంతనున్న మల్కాపురంలో కాయకష్టమే అనేక కుటుంబాలకు ఆధారం. ఎత్తు నుంచి జారిపడి వెన్నెముక విరిగితే కార్మికుడు తిరిగి పనిలోకి వెళ్లగలడా అన్నది, శస్త్రచికిత్సలో అమర్చే స్క్రూ ఎంత కచ్చితంగా కుదిరిందన్న దానిపైనా ఆధారపడి ఉంటుంది. వెన్నుపాము పక్కనే బిగించే ఈ స్క్రూ కొద్ది మిల్లీమీటర్లు పక్కకు జరిగినా నరాలు దెబ్బతినవచ్చు. ఈ ముప్పును తగ్గించేందుకు వచ్చిన విధానమే ఆగ్మెంటెడ్ రియాలిటీ.

ఎలా పనిచేస్తుంది?

సాధారణంగా వైద్యులు ఎక్స్‌రే యంత్రం తెరపై చూస్తూ స్క్రూ బిగిస్తారు. చూపు తెరకూ, రోగికీ మధ్య మారుతూ ఉంటుంది. కొత్త విధానంలో సీటీ స్కాన్ చిత్రాలతో ఎముక త్రిమితీయ రూపాన్ని కంప్యూటర్ రూపొందిస్తుంది. ఎముకకు బిగించిన గుర్తులను కెమెరాలు గమనిస్తూ, ఆ రూపాన్ని వైద్యుడు ధరించిన పారదర్శక కళ్లద్దాలలో రోగి శరీరంపైనే కనిపించేలా చేస్తాయి. చర్మం కింద ఎముక ఎక్కడుందో, పరికరం ఏ కోణంలో వెళుతోందో తల తిప్పకుండానే తెలుస్తుంది.

ఎక్కడ వాడారు?

ఫ్రాన్స్‌లోని అవిసెన్ ఆసుపత్రిలో 2017 డిసెంబరులో డాక్టర్ థామస్ గ్రెగరీ ఇటువంటి కళ్లద్దాలతో భుజం కీలు మార్పిడి చేశారు. వెన్నెముక చికిత్సకు ఉద్దేశించిన ఎక్స్‌విజన్ పరికరానికి 2019 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి లభించింది. 2020 జూన్ 8న జాన్స్ హాప్కిన్స్ వైద్యులు ఈ విధానంలో ఒక రోగికి ఆరు స్క్రూలు అమర్చారు.

పరిమితులూ ఉన్నాయి

ఎముకకు బిగించిన గుర్తు కదిలితే కళ్లద్దాల్లోని చిత్రమూ తప్పుతుంది. అందువల్ల వైద్యుడు ఎప్పటికప్పుడు సరిచూసుకోవాలి. పరికరం దారి చూపుతుందే తప్ప అనుభవానికి ప్రత్యామ్నాయం కాదు. ఖర్చూ ఎక్కువే. దేశీయంగా తయారైతే ధర తగ్గే అవకాశముంది. వైద్య పరికరాల తయారీకే 2018లో ప్రారంభమైన ఆంధ్రప్రదేశ్ మెడ్‌టెక్ జోన్ విశాఖలోనే ఉంది.

ముందు జాగ్రత్తే ముఖ్యం

ప్రమాద స్థలంలో వెన్నుపాముకు జరిగిన నష్టాన్ని ఏ కళ్లద్దాలూ పూర్తిగా సరిదిద్దలేవు. వెన్నుకు దెబ్బ తగిలినవారిని కాళ్లు, చేతులు పట్టి ఎత్తరాదు. కూర్చోబెట్టరాదు. తల, మెడ కదలకుండా ఉంచి 108కు సమాచారమివ్వాలి.