మేనత్త బోధ

మొన్న తరగతిలో మా విద్యార్థిని ఒకతె అడిగింది: "సార్, మా అత్త సర్దుకపొమ్మంటది. సర్దుకోవాల్సింది నేనొక్కదాన్నేనా?" ఆ ప్రశ్నకు జవాబు చరిత్రలో వెదకవలసి ఉన్నది.

మేనరికం ఉన్నచోట మేనత్తే భర్తకు తల్లి కావచ్చు. అందుకే తెలుగులో తండ్రి తోబుట్టువుకూ, భర్త తల్లికీ 'అత్త' అన్నది ఒక్కటే మాట. 1871లో మోర్గాన్ ప్రకటించిన బంధుత్వ పట్టికలలో తమిళంతోపాటు తెలుగు పదాలూ చేరాయి. 1884లో కుటుంబ చరిత్ర రాసిన ఎంగెల్స్‌కు మోర్గాన్ పరిశోధనే ఆధారం. మన ఇండ్లలో పలికే మాట ఆ విధంగా ప్రపంచ చర్చలో సాక్ష్యమయింది.

మా ఉట్నూర్ ప్రాంతపు గోండుల సమాజాన్ని హైమన్‌డార్ఫ్ 1948 నాటి గ్రంథంలో వర్ణించాడు. నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల సగలుగా ఉండే ఆ సమాజంలో ఒకే సగవారి మధ్య పెండ్లి నిషిద్ధం. కనుక మేనత్త పుట్టింది పిల్ల సగలో. కాపురం వేరొక సగలో. రెండిండ్ల మర్యాదలూ ఎరిగిన మనిషి ఆమె. ఆమె మాటకు విలువ వయసు వల్ల మాత్రమే కాదు, ఆమె నిలబడిన చోటు వల్ల కూడా వస్తుంది. అయితే రేపు కోడలు కాగల పిల్లకు చెప్పే బుద్ధిలో చెప్పేవారి ప్రయోజనమూ కలిసి ఉంటుంది. దీనిని మరచి ఆ బోధను కేవలం ప్రేమగా కీర్తించడం చరిత్ర కాదు.

అచ్చు వచ్చిన తర్వాత ఈ బోధ పత్రికలకెక్కింది. 1883లో వీరేశలింగం 'సతీహితబోధిని', తర్వాత రాయసం వెంకటశివుడు 'తెలుగు జనానా' నడిపారు. స్త్రీల చదువుకు అవి చేసిన మేలు కాదనలేనిది. కాని అక్కడ సంపాదకుడు పురుషుడు. 1950ల నుంచి దశాబ్దాలపాటు ఆంధ్రప్రభ వారపత్రికలో 'ప్రమదావనం' నడిపిన మాలతీ చందూర్ దగ్గర పరిస్థితి మారింది. ఇంట్లో అత్తను అడగలేని ప్రశ్నను ఉత్తరంలో అడగవచ్చు. జవాబు చెప్పే స్త్రీకి అడిగినామెను కోడలిని చేసుకునే అవసరం లేదు. సలహా బంధుత్వం నుంచి విడివడడం చిన్న మార్పు కాదు.

కాని ఆ ఉత్తరం రాయడానికి తెలుగు అక్షరం కావాలి. ఇంట్లో గోండి మాట్లాడే, బడి ముఖం చూడని స్త్రీకి ఆ తలుపు తెరుచుకోలేదు.

అందుచేత మా విద్యార్థినికి ఇట్లా చెప్పాను: మీ అత్త కూడా ఒకనాడు సర్దుకున్న కోడలే, ఆమెను దోషిగా నిలబెట్టకు. ఆమెకు ఆ మాట ఎవరు నేర్పారో, దానివల్ల ఎవరికి లాభం కలిగిందో అడుగు. ఆమె చెప్పింది రాసిపెట్టు. మన కుటుంబ చరిత్రలో ఇంకా రాయని అధ్యాయం అదే.