అధిక శక్తి గల ఫ్రంట్ వీల్ డ్రైవ్ కార్లలో ఆటోమేటిక్ గేర్‌బాక్సులు

ఇంజను శక్తి ముందు చక్రాలకు మాత్రమే అందే కార్లను ఫ్రంట్ వీల్ డ్రైవ్ కార్లు అంటారు. వీటిలో వేగానికి ప్రాధాన్యమిచ్చి తయారు చేసిన కార్లకు ప్రధానంగా మూడు రకాల ఆటోమేటిక్ గేర్‌బాక్సులను వాడుతూ వచ్చారు. అవి టార్క్ కన్వర్టర్ గేర్‌బాక్సు, రెండు క్లచ్‌ల గేర్‌బాక్సు, సీవీటీ. వీటిని పోల్చేటప్పుడు గేర్ల సంఖ్య కంటే గేర్‌బాక్సు ఎంత టార్కును తట్టుకోగలదు, పుట్టిన వేడిని ఎలా వదిలించుకోగలదు అన్న విషయాలే ముఖ్యమైనవి. ఇంజను చక్రాలను తిప్పే బలాన్ని టార్కు అంటారు. దీనిని న్యూటన్-మీటర్లలో కొలుస్తారు.

పరిమితులు

వెనుక చక్రాలతో నడిచే కారులో గేర్‌బాక్సు ఇంజను వెనుక పొడవుగా అమరుతుంది. ఫ్రంట్ వీల్ డ్రైవ్ కార్లలో ఎక్కువ భాగం ఇంజనును అడ్డంగా అమరుస్తారు. అందువలన ఇంజను, గేర్‌బాక్సు, డిఫరెన్షియల్ మూడూ రెండు ముందు చక్రాల నడుమనే ఇమడాలి. 1959లో వచ్చిన మినీ కారులో అలెక్ ఇస్సిగోనిస్ గేర్‌బాక్సును ఇంజను అడుగున అమర్చాడు. 1964లో ఆటోబియాంకి ప్రిములా కారుకు డాంటే జియాకోసా దానిని ఇంజను పక్కన అమర్చాడు. తరువాతి కార్లు ఎక్కువగా ఈ రెండవ పద్ధతినే అనుసరించాయి. స్థలం తక్కువ కావడంతో గేర్లను, క్లచ్‌లను కావలసినంత పెద్దవిగా చేయడానికి వీలుండదు.

రెండవ పరిమితి చక్రాల పట్టు. కారు వేగం పుంజుకునేటప్పుడు బరువు వెనుకకు మళ్ళి, ముందు చక్రాల పట్టు తగ్గుతుంది. ఆ క్షణాన టార్కు ఒక్కసారిగా అందితే చక్రాలు రోడ్డు మీద జారి తిరుగుతాయి, స్టీరింగు పక్కకు లాగుతుంది. కనుక టార్కును క్రమంగా అందించగల గేర్‌బాక్సు ఈ కార్లకు అవసరం.

టార్క్ కన్వర్టర్ గేర్‌బాక్సు

ఇందులో ఇంజనుకు, గేర్లకు మధ్య నూనె ద్వారా శక్తి ప్రసారమవుతుంది. కారు కదిలేటప్పుడు కన్వర్టర్ ఇంజను టార్కును సుమారు రెండు రెట్ల వరకు పెంచుతుంది, కుదుపు లేకుండా అందిస్తుంది. నూనెలో జారుడు వలన కొంత శక్తి వేడిగా మారిపోవడం దీని లోపం. దీనిని తగ్గించడానికి వేగం అందుకున్నాక కన్వర్టరును బంధించే లాకప్ క్లచ్‌ను వాడతారు.

1966 మోడలు ఓల్డ్స్‌మొబైల్ టొరొనాడోలో 7 లీటర్ల, 385 హార్స్‌పవర్ ఇంజను ముందు చక్రాలను తిప్పేది. అందులో ఇంజనును నిలువుగా ఉంచి, కన్వర్టర్ నుండి గొలుసు ద్వారా పక్కనున్న మూడు గేర్ల పెట్టెకు శక్తిని మళ్ళించారు. 1993లో కాడిలాక్ నార్త్‌స్టార్ వీ8 ఇంజను కోసం జనరల్ మోటార్స్ 4టీ80-ఈ అనే నాలుగు గేర్ల పెట్టెను ప్రవేశపెట్టింది.

రెండు క్లచ్‌ల గేర్‌బాక్సు

ఇందులో ఒక క్లచ్ బేసి గేర్లకు, మరొకటి సరి గేర్లకు పనిచేస్తుంది. ఒక గేరులో నడుస్తుండగానే తరువాతి గేరు సిద్ధంగా ఉంటుంది. అందువలన గేరు మారేటప్పుడు చక్రాలకు శక్తి దాదాపు ఆగదు. వోక్స్‌వ్యాగన్ 2003లో డీఎస్‌జీ పేరుతో దీనిని మార్కెట్లోకి తెచ్చింది. ఆరు గేర్ల డీక్యూ250లో క్లచ్‌లు నూనెలో మునిగి ఉంటాయి. దాని పరిమితి 350 న్యూటన్-మీటర్లు. 2008లో వచ్చిన ఏడు గేర్ల డీక్యూ200లో పొడి క్లచ్‌లు ఉన్నాయి. దాని పరిమితి 250 న్యూటన్-మీటర్లు మాత్రమే. గేర్లు పెరిగినా తట్టుకునే టార్కు తగ్గిందని గమనించవచ్చు.

సీవీటీ

ఇందులో విడి గేర్లు ఉండవు. వెడల్పు మారే రెండు కప్పీల మధ్య లోహపు బెల్టు గాని గొలుసు గాని తిరుగుతుంది. ఇంజనును ఎప్పుడూ అనువైన వేగంలో ఉంచగలగడం దీని సుగుణం. అయితే శక్తి ప్రసారం పూర్తిగా రాపిడి మీదనే ఆధారపడుతుంది కనుక బెల్టు జారకుండా అధిక పీడనంతో నొక్కి ఉంచాలి. ఆడీ సంస్థ ఫ్రంట్ వీల్ డ్రైవ్ కార్లలో వాడిన మల్టీట్రానిక్ సీవీటీని 2014లో నిలిపివేసింది. నిస్సాన్ 2009 మోడలు మాక్సిమాలో 290 హార్స్‌పవర్ ఇంజనుకు సీవీటీనే జతచేసింది.

వేగంలో పోలిక

గంటకు 100 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి పట్టే సమయం, తయారీదారుల లెక్కల ప్రకారం:

* ఐదవ తరం గోల్ఫ్ జీటీఐ: మాన్యువల్ 7.2 సెకన్లు, డీఎస్‌జీ 6.9 సెకన్లు.
* 2015 మినీ జాన్ కూపర్ వర్క్స్: మాన్యువల్ 6.3 సెకన్లు, టార్క్ కన్వర్టర్ 6.1 సెకన్లు.
* 2020లో మార్పులు చేసిన హ్యుందాయ్ ఐ30 ఎన్: మాన్యువల్ 5.9 సెకన్లు, ఎనిమిది గేర్ల రెండు క్లచ్‌ల పెట్టె 5.4 సెకన్లు.

2024లో మార్పులతో వచ్చిన గోల్ఫ్ జీటీఐలో మాన్యువల్ గేర్‌బాక్సును తొలగించారు. ఇందుకు భిన్నంగా హోండా సివిక్ టైప్ ఆర్ మాన్యువల్ గేర్‌బాక్సుతోనే కొనసాగింది.

మన్నిక

ఆటోమేటిక్ గేర్‌బాక్సుకు ప్రధాన శత్రువు వేడి. రద్దీలో కారు పాకుతున్నప్పుడు పొడి క్లచ్‌లు పదేపదే రాపిడికి గురై వేడెక్కుతాయి. తడి క్లచ్‌ల వేడిని నూనె తీసుకుపోతుంది. అందుకే అధిక టార్కు గల కార్లకు తడి క్లచ్‌లనే ఎంచుకుంటారు. డీఎస్‌జీ లోపాల కారణంగా 2013లో చైనాలో 3,84,000కు పైగా వోక్స్‌వ్యాగన్ బృందపు కార్లను వెనుకకు పిలిపించారు. ఇంజను టార్కును తరువాత పెంచుకున్న కారులో గేర్‌బాక్సు పరిమితి దాటితే క్లచ్‌లు జారడం మొదలవుతుంది. నూనెను నిర్ణీత కాలంలో మార్చడం కూడా చాలా అవసరం.

భారతదేశంలో

2013లో విడుదలైన వోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐలో 105 హార్స్‌పవర్ ఇంజనుకు ఏడు గేర్ల డీఎస్‌జీని జతచేశారు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లోని పెనుకొండ వద్ద గల కియా కర్మాగారం నుండి వెలువడిన సెల్టోస్ కారులో 1.4 లీటర్ల టర్బో ఇంజనుకు ఏడు గేర్ల రెండు క్లచ్‌ల పెట్టె లభించేది. గోల్ఫ్ జీటీఐ 2025లో పరిమిత సంఖ్యలో దిగుమతి అయినది.

ఇవి కూడా చూడండి

* గేర్‌బాక్సు
* డిఫరెన్షియల్
* క్లచ్