మాజీ సైనికుల ఆసుపత్రుల్లో శస్త్రచికిత్సల నాణ్యతా సమీక్ష: రోగి వివరాల కోడింగ్

అమెరికాలో మాజీ సైనికుల వ్యవహారాల శాఖ (వీఏ) నడిపే ఆసుపత్రుల్లో పెద్ద ఆపరేషన్లు చేయించుకున్నవారి ఆరోగ్య వివరాలను ముందే ఖాయం చేసుకున్న నిర్వచనాల ప్రకారం కోడ్‌లుగా నమోదు చేస్తారు. వాటిని బట్టి ఒక్కో ఆసుపత్రి శస్త్రచికిత్సా విభాగం పనితీరును బేరీజు వేస్తారు. 1991లో పరిశోధనగా మొదలైన ఈ పద్ధతి 1994లో జాతీయ శస్త్రచికిత్సా నాణ్యతా మెరుగుదల కార్యక్రమం (ఎన్‌ఎస్‌క్యూఐపీ) అయింది. దరిమిలా గుండె శస్త్రచికిత్సల సమీక్ష కూడా కలిసి వీఏఎస్‌క్యూఐపీగా మారింది.

ఆపరేషన్ అయినవారు తర్వాత ఎలా ఉన్నారో లెక్క రాసిపెట్టాలన్న ఆలోచన అంతకు చాలా ముందుది. ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్లలో బోస్టన్ సర్జన్ ఎర్నెస్ట్ కాడ్‌మన్ ప్రతి రోగికీ ఒక కార్డు పెట్టి, ఫలితాన్ని అందులో రాసేవాడు. ఆసుపత్రులు తమ ఫలితాలను బయటపెట్టాలని పట్టుబట్టి తోటి వైద్యులకు దూరమయ్యాడు. 1914లో మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిని విడిచిపెట్టాడు. ఆ తర్వాత ఏడు దశాబ్దాలకు ఆ ఆలోచనకు వీఏ ఆసుపత్రుల్లో చట్టం అండ దొరికింది.

1980లలో ఈ ఆసుపత్రుల్లో ఆపరేషన్ మరణాలు ఎక్కువన్న విమర్శ గట్టిగా వినిపించింది. 1985 డిసెంబరులో అమెరికా కాంగ్రెస్ 99-166 నంబరు చట్టం చేసింది. వీఏ తన శస్త్రచికిత్సల ఫలితాలను ఏటా నివేదించాలనీ, రోగుల జబ్బు తీవ్రతను లెక్కలోకి తీసుకుని వాటిని దేశ సగటుతో పోల్చాలనీ అందులో ఉంది. చిక్కేమిటంటే, పోల్చడానికి దేశ సగటు అనేదే లేదు. జబ్బు తీవ్రతను సర్దుబాటు చేసే లెక్క కూడా ఎవరి దగ్గరా లేదు. ఆ ఆసుపత్రులకు వచ్చేవారిలో అత్యధికులు వయసు మళ్లిన మగవారు. ఏళ్ల తరబడి పొగ తాగినవారు, ఊపిరితిత్తుల జబ్బు, మధుమేహం, గుండె జబ్బు కలిసి ఉన్నవారు వారిలో ఎందరో. అలాంటి వారి మరణాల శాతాన్ని మరో ఆసుపత్రి శాతం పక్కన నేరుగా పెడితే, కష్టమైన కేసులు తీసుకున్నవారికే చెడ్డపేరు వస్తుంది. ఈ అభ్యంతరం న్యాయమైనది. దానికి జవాబు వెతికే క్రమంలోనే ఈ కోడింగ్ పుట్టింది.

గుండె శస్త్రచికిత్సలకు 1987లోనే విడిగా సమీక్ష ఆరంభమైంది. తక్కిన ఆపరేషన్ల కోసం 1991 అక్టోబరు నుంచి 1993 డిసెంబరు వరకు 44 వీఏ ఆసుపత్రుల్లో జాతీయ శస్త్రచికిత్సా ముప్పు అధ్యయనం జరిగింది. గుండె సర్జన్ శుక్రి ఖూరీ, వైద్య సేవల పరిశోధకురాలు జెన్నిఫర్ డేలీ, గణాంక నిపుణుడు విలియం హెండర్సన్ దీనికి సారథులు. వీఏ ఆసుపత్రులన్నిటికీ అప్పటికే ఒకే కంప్యూటర్ వ్యవస్థ ఉండటం వారికి కలిసొచ్చింది. రక్త పరీక్షల ఫలితాలు చాలావరకు దాన్నుంచే వచ్చేవి. మిగతావన్నీ మనిషి చదివి రాయాల్సినవే.

ఆ మనిషి ప్రత్యేక శిక్షణ పొందిన నర్సు. ప్రతి ఆసుపత్రిలోనూ ఈ పనికే ఒక సమీక్షక నర్సును నియమించారు. ఆపరేషన్లు ఎక్కువ జరిగేచోట ఎనిమిది రోజులను ఒక ఆవృత్తంగా తీసుకుని, అందులో అర్హమైన మొదటి 36 కేసులను ఆమె నమోదు చేయాలి. ఆవృత్తం ఒక్కోసారి వారంలో ఒక్కో రోజున మొదలవుతుంది గనుక ఎప్పుడూ ఒకే వారపు రోజుల కేసులు రావు. హెర్నియా వంటి తేలిక ఆపరేషన్లే జాబితాను నింపేయకుండా వాటికి పరిమితి ఉంది. ఏ కేసు రాయాలో ఎంచుకునే వీలు సర్జన్‌కు లేదు.

పేగు ఆపరేషన్ అయిన ఒక పెద్దాయన కేసు అనుకుందాం. ఆపరేషన్‌కు ముందు ఆరు నెలల్లో ఆయన బరువు పది శాతానికి మించి తగ్గిందా? గడిచిన ఏడాదిలో సిగరెట్ తాగాడా? మత్తు డాక్టరు ఆయన ఆరోగ్య స్థితిని ఏ తరగతిలో వేశాడు? ఆపరేషన్ తర్వాత ప్రశ్నలు ఇంకా గట్టివి. వెంటిలేటర్ మీద ఉన్న సమయం మొత్తం 48 గంటలు దాటితేనే అది సమస్యగా నమోదవుతుంది, 47 గంటలైతే కాదు. కుట్టు దగ్గర ఎర్రబడినంత మాత్రాన ఇన్‌ఫెక్షన్ కోడ్ పడదు. చీము కారిందా, కల్చర్‌లో సూక్ష్మజీవి పెరిగిందా, సర్జన్ గాయాన్ని తెరవాల్సి వచ్చిందా అని చూడాలి. ఒక్క కుట్టు చుట్టూ చేరిన చిన్న చీముగడ్డ అయితే లెక్కలోకి రాదు. ఇన్‌ఫెక్షన్ చర్మం వరకేనా, కండరాల దాకా వెళ్లిందా, కడుపులోకి పాకిందా అన్నదాన్ని బట్టి కోడ్ మారుతుంది. డాక్టరు రాసింది, నర్సులు రాసింది, ల్యాబు రిపోర్టు వేర్వేరుగా ఉంటే అన్నీ చదివి తేల్చాల్సింది ఆమే. రోగి ఇంటికి వెళ్లిపోయినా 30వ రోజు వరకు బాధ్యత తీరదు. ఉత్తరం రాసో, ఫోన్ చేసో, సొంత ఊళ్లో వేరే ఆసుపత్రిలో చేరాడేమో కనుక్కోవాలి.

ఇలా పోగైన వివరాల నుంచి ప్రతి రోగికీ మరణం లేదా ఆపరేషన్ అనంతర సమస్య వచ్చే అవకాశం ఎంతో లెక్కిస్తారు. ఒక ఆసుపత్రి రోగులందరి అవకాశాలనూ కూడితే అక్కడ ఎన్ని మరణాలు జరగవచ్చో అంచనా దొరుకుతుంది. నిజంగా జరిగిన మరణాలను ఆ అంచనాతో భాగిస్తారు. వచ్చిన నిష్పత్తి ఒకటికి మించితే అనుకున్నదానికంటే ఎక్కువ మంది చనిపోయారని అర్థం. ఆ తేడా కాకతాళీయం కాదని గణాంకాలు చెబితేనే ఆ ఆసుపత్రిని విడిగా పరిశీలిస్తారు. ఏటా వెళ్లే నివేదికలో ఇతర ఆసుపత్రులు పేర్లతో కాక రహస్య సంఖ్యలతో కనిపిస్తాయి. తప్పు పట్టడానికి కాకుండా దిద్దుకోవడానికి ఈ లెక్క అని సర్జన్లు నమ్మాలంటే అలా చేయక తప్పలేదు.

ముప్పును ముందుగా చెప్పే అంశాల్లో అన్నిటికంటే బలమైనది రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రోటీన్ అని తేలడం చాలామంది ఊహించనిది. 54,215 ఆపరేషన్ల మీద 1999లో వెలువడిన పత్రం ప్రకారం, లీటరుకు 46 గ్రాములకు పైగా ఉన్నవారిలో మరణాలు ఒక శాతం లోపే. 21 గ్రాములకంటే తక్కువ ఉన్నవారిలో అవి 29 శాతం. ఇంత చౌకైన పరీక్ష అంత సమాచారం ఇస్తుందని వేల కేసులను ఒకే కొలతతో రాసినందువల్లే తెలిసింది. 2005లో ఖూరీ బృందం మరో సంగతి చూపింది. ఆపరేషన్ తర్వాత 30 రోజుల్లో ఏదైనా సమస్య వచ్చినవారి మధ్యస్థ జీవితకాలం 69 శాతం తగ్గింది. ఆసుపత్రి నుంచి క్షేమంగా ఇల్లు చేరారనుకున్నవారికీ ఆ దెబ్బ ఏళ్ల తరబడి తగులుతూనే ఉందన్నమాట.

ఇంత శ్రమ ఎందుకు, అప్పట్లో డిశ్చార్జి సమయంలో ఎలాగూ రాసే ఐసీడీ-9 రోగ కోడ్‌లతో సరిపెట్టుకోవచ్చు కదా అన్న ప్రశ్న మొదటి నుంచీ ఉంది. 2002లో వీఏ పరిశోధకులే రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశారు. ముఖ్యమైన ముప్పు అంశాల్లో సగానికి పైగా వాటికి సరిపోయే కోడే లేదు. ఉన్నవాటిలోనూ నర్సు గుర్తించిన కేసుల్లో కనీసం సగాన్నైనా పట్టుకోగలిగినవి కొన్నే. పాలనా అవసరాల కోసం రాసిన కోడ్‌లో, ఫలానా సమస్య ఆపరేషన్‌కు ముందే ఉందా తర్వాత వచ్చిందా అన్నది కూడా అప్పట్లో తెలిసేది కాదు. నాణ్యతను తూచే పనికి అది చాలదని చెప్పడానికి ఈ ఒక్క లోపమే చాలు.

తొలి దశాబ్దంలో వీఏ ఆసుపత్రుల్లో పెద్ద ఆపరేషన్ల తర్వాత 30 రోజుల్లోపు మరణాలు 27 శాతం, అనంతర సమస్యలు 45 శాతం తగ్గాయి. 1999లో మిషిగన్, ఎమరీ, కెంటకీ విశ్వవిద్యాలయాల ఆసుపత్రులు ఈ పద్ధతిని ప్రయత్నించాయి. 2004లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ దీన్ని ప్రైవేటు ఆసుపత్రులకు తెరిచింది. అయితే తగ్గుదల మొత్తాన్నీ ఈ లెక్క ఖాతాలోనే వేయడం సరికాదు. అదే కాలంలో మత్తు వైద్యం, ఇంటెన్సివ్ కేర్ కూడా మెరుగయ్యాయి. కాలేజీ కార్యక్రమంలో చేరిన ఆసుపత్రుల ఫలితాలు చేరనివాటికంటే వేగంగా మెరుగుపడలేదని 2015లో ‘జామా’ పత్రికలో వచ్చిన రెండు అధ్యయనాలు చూపాయి. నివేదిక అందుకున్నాక ఆసుపత్రి ఏం చేసిందన్నదే అసలు ప్రశ్న. తొలి అధ్యయనం నాటి తనిఖీలు కూడా ఆ వైపే చూపాయి. ఫలితాలు తెలియకుండా వెళ్లిన బృందాలు ఏ ఆసుపత్రి మెరుగైనదో, ఏది కాదో చాలావరకు సరిగ్గానే పోల్చుకోగలిగాయి.

నర్సు చదివే కేసు షీట్లను కంప్యూటరే చదివేలా చేసే ప్రయత్నాలూ సాగుతున్నాయి. ఆరు వీఏ ఆసుపత్రుల్లోని 2,974 మంది రికార్డులతో చేసిన పరీక్ష 2011లో వెలువడింది. నర్సుల కోడింగే అందులో ప్రామాణికం. నిమోనియా కేసుల్లో డిశ్చార్జి కోడ్‌లు 5 శాతాన్నే పట్టుకోగా, వైద్యుల రాతను విశ్లేషించే ప్రోగ్రాం 64 శాతాన్ని పట్టుకుంది. మిగిలిన 36 శాతం నర్సు కంటికే దొరికాయి.